కొన్న బస, ఇచ్చిన బస

ధ్యానభాగములు: లూకా 10:25–37, 2 రాజులు 4:8–10



ఒక్క రాత్రి నిద్రించుటకు, మన పల్లెలలో ఒక కూలి కుటుంబము రెండు మూడు మాసములు కష్టించి తెచ్చుకొనునంత సొమ్ము చెల్లించుట క్రైస్తవునికి తగునా? ఈ ప్రశ్న ఈ సంవత్సరము మా పాస్టరేటులో పుట్టినది. కొలిమిగుండ్ల మార్గములోని ఒక గ్రామమున మొదలై, మరి రెండు గ్రామములకు ప్రాకి, తుదకు సంఘపెద్దల కూటములో మా యెదుటికి వచ్చినది. ఇట్టి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పుట సులభము. అట్లు చెప్పిన జవాబు అడిగినవానికి ఉపయోగపడదు గనుక, మేము ఆలోచించిన క్రమమును ఇచ్చట వ్రాయుచున్నాము.

సంగతి యిది. నాపరాతి గనిలో పని చేయు ఒక సంఘస్థుని కుమారుడు హోటలు పనికి సంబంధించిన చదువు చదివి, నగరములో పేరు మోసిన ఒక పాతకాలపు పెద్ద హోటలులో ఉద్యోగము సంపాదించుకొనెను. పనివారి తలిదండ్రులు వచ్చినయెడల అచ్చట ధర తగ్గింతురట. తగ్గించినను అది మనబోటివారికి పెద్ద సొమ్మే. ఆ పిల్లవాడు తన జీతములో నుండి కొంచెము కొంచెముగా కూడబెట్టి, పోయిన క్రిస్మస్సు పండుగ తరువాత తల్లిని తండ్రిని పిలిపించి ఒక రాత్రి అచ్చట ఉంచెను. తిరిగి వచ్చిన పిమ్మట ఆ తల్లి తాను చూచినదంతయు బోరింగు వద్ద చెప్పినది. స్నానపు గదియే తమ యింటి కంటె పెద్దదనెను. రాత్రి దిండుపై ఎవరో మిఠాయి పెట్టి పోయిరనెను. అంతట ఊరు రెండు పక్షములాయెను. ఆ సొమ్ముతో పేటలోని ప్రార్థనశాలకు రేకులు మార్పించి యుండవచ్చునని కొందరనిరి. అట్టివాడు సంఘపెద్దగా ఉండదగునా యని ఒకరిద్దరు అనుటకు సాహసించిరి. సొమ్ము అతనిది, ఇష్టము అతనిది అని తక్కినవారు అనిరి.

ఆయన మా యొద్దకు వచ్చి చెప్పిన మాటలను ఆయన నోటి మాటలలోనే వ్రాయుచున్నాము. "అయ్యగారూ, ఆ పరుపు మింద నాకు నిద్ర పట్టలే. నడిరేత్రి లేసి టవాలు పరుచుకొని కింద పండుకుంటి. తెల్లారినాక దుప్పట్లు మార్చే పిల్లోడు వచ్చి, 'ఏం పెద్దాయనా, మంచం బాగలేదా?' అని అడిగె. నాకు సిగ్గయిపాయ. ఆ పిల్లోడు గూడ మనట్లాంటోడే. నేను చేసింది తప్పా?"

ఏది తప్పా యని ఆయన అడిగెనో మాకు మొదట బోధపడలేదు. పరుపు ఎక్కుటయా, పరుపు దిగుటయా?

సొమ్ము వ్యర్థమాయెనని అనువారికి ముందు జవాబు చెప్పవలెను. బేతనియలో మరియ ప్రభువు పాదములకు మిక్కిలి వెలగల అత్తరు పూసినప్పుడు, దానిని మున్నూరు దేనారములకు అమ్మి బీదలకు ఇయ్యరాదా యని లెక్క చెప్పినవాడు ఎవడో మనమెరుగుదుము (యోహాను 12:4–6). మా పెద్దలలో ఎవరును యూదా యని మా అభిప్రాయము కాదు. ప్రార్థనశాల నిజముగానే కారుచున్నది. కాని పరుల ఖర్చును బీదల పేరిట లెక్కవేయుట మిక్కిలి సులభమైన పుణ్యము. అదే గ్రామములో పోయిన వేసవిని జరిగిన పెండ్లికి పెద్ద పెద్ద సౌండు పెట్టెలు తెప్పించి మూడు దినములు మ్రోగించినప్పుడు రేకుల మాట ఎవరును ఎత్తలేదు. ఇక, తన సొమ్ము తన ఇష్టమను వారి మాటయు మాకు నచ్చలేదు. క్రైస్తవునికి తన సొమ్ము అనునదే లేదని మనము ప్రతి కోతపండుగలోను చెప్పుకొనుచున్నాము గదా.

ఇప్పుడు అట్టి గొప్ప హోటళ్ల సంగతి కొంచెము తెలిసికొనవలెను. మన ప్రజలు పేరు విని యుండునది హైదరాబాదులోని ఫలక్‌నుమా మహలు. ఆ పేరునకు ఆకాశదర్పణమని అర్థము చెప్పుదురు. పైగా వంశస్థుడగు నవాబు వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3 వ తేదీన దానికి పునాది వేసెను. ఆయన తరువాత నైజాము రాజ్యమునకు ప్రధానమంత్రి ఆయెను. కట్టి, సామాను అమర్చి ముగించుటకు తొమ్మిదేండ్లు పట్టెను. ఇటలీ దేశపు చలువరాయి తెచ్చిరి. భోజనశాలలోని బల్ల చుట్టు 101 మంది కూర్చుండవచ్చును. కట్టించినవాడు అందులో నివసించినది కొలది సంవత్సరములే. 1897 ప్రాంతమున అది ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను వశమాయెను. పిమ్మట అది రాజ అతిథులకు విడిదిగా నుండెను. దొరలు, యువరాజులు అచ్చట దిగిరి. ఆ తరువాత చాలకాలము తలుపులు మూసికొని యుండెను. 2000 సంవత్సరము మొదలు దానిని బాగుచేసి, 2010 లో హోటలుగా తెరచిరి. సొమ్ము చెల్లించువారెవరైనను నేడు అచ్చట నిద్రింపవచ్చును.

ఆ నూటయొక్క కుర్చీల బల్లను గూర్చి చదివినప్పుడు, విందు చేయునప్పుడు తిరిగి పిలువగల ధనవంతులను పిలువక, తిరిగి పిలువలేని బీదలను, కుంటివారిని పిలువుమని ప్రభువు చెప్పిన మాట మనకు జ్ఞాపకము వచ్చును (లూకా 14:12–14). ఆ దినములలో ఆ కుర్చీలలో కూర్చున్నవారు తిరిగి విందు చేయగలవారే. వారిలో ఎవరును బస కొరకు పైకము చెల్లించలేదు. పుట్టుకను బట్టి, పదవిని బట్టి ఆ ద్వారము తెరువబడెను. నేడు పైకమును బట్టి తెరువబడుచున్నది. ఇందులో ఏది మేలు? ఈ ప్రశ్నను కొంచెము సేపు మనసులో నుంచుకొనుడి.

ఆ పునాది వేసిన 1884 వ సంవత్సరముననే మన ప్రాంతపు మరియొక బసను గూర్చి మొదటిసారి వ్రాతలోనికి వచ్చుట విచిత్రము. రాబర్టు బ్రూస్ ఫూట్ అను ఆంగ్లేయ భూగర్భశాస్త్రజ్ఞుడు బెలుం గుహలను గూర్చి వ్రాసినది ఆ సంవత్సరముననే. మన పూర్వులకు ఆ బిలము తెలియనిది కాదు. బయటి ప్రపంచమునకు తెలిసినది అప్పుడు. తరువాత నూరేండ్లు దాదాపు ఎవరును పట్టించుకొనలేదు. 1982, 1983 సంవత్సరములలో గెబావర్ అను జర్మనీ దేశస్థుడు తన బృందముతో లోపలికి దిగి కొలతలు తీసెను. గుహ పొడవు 3229 మీటర్లు. 1985 లో ప్రభుత్వము దానిని రక్షిత స్థలముగా చేసెను. 1999 నుండి పర్యాటక సంస్థవారు మెట్లు, దీపములు, గాలి గొట్టములు అమర్చి 2002 లో ప్రజలకు తెరచిరి. అంతకు ముందు అందులో చెత్త పారబోసిన కాలమును కలదు.

అచ్చట ప్రవేశమునకు సమీపమున ధ్యానమందిరమను భాగము కలదు. మీలో అనేకులు సండే స్కూలు పిల్లలను తీసికొనిపోయినప్పుడు దానిని చూచియుందురు. అందులో మంచమువలె, తలగడవలె ఏర్పడిన రాయి యొకటి యున్నది. నీరు సున్నపురాతిని కొంచెము కొంచెముగా కరిగించుకొనుచు వేలాది సంవత్సరములలో చేసిన మంచమది. వెనుకటి కాలమున బౌద్ధ భిక్షువులు, జైన మునులు ఆ గుహలో నివసించిరని చెప్పుదురు. బౌద్ధుల కాలపు వస్తువులు అచ్చట దొరికినవి. వారి బసకు అద్దె లేదు, తాళము లేదు, కాపలా లేదు.

పిల్లలకు ఈ రెండు మంచములను చూపి, రాతిమంచము పరిశుద్ధము, పట్టుపరుపు పాపము అని బోధించుట మనకు అలవాటు. మేము ఆ విధముగా చెప్పజాలము. యాకోబు లూజు వద్ద రాయి తలక్రింద పెట్టుకొని పండుకొనినది విరక్తి చేత కాదు. అన్నను మోసగించి పారిపోవుచు, దారిలో ప్రొద్దు క్రుంకినందున (ఆదికాండము 28:11). ఏలీయా హోరేబు గుహలో రాత్రి బస చేసినప్పుడు దేవుడు ఆయనను మెచ్చుకొనలేదు. ఇచ్చట నీకేమి పని యని అడిగెను (1 రాజులు 19:9). గుహలో పండుకొనినవాడును తన బాధను తానే చూచుకొనుచు ఉండవచ్చును. అయినను ఓబద్యా నూరుగురు ప్రవక్తలను ఏబదేసి మందిగా గుహలలో దాచి అన్నపానములిచ్చి పోషించినప్పుడు (1 రాజులు 18:4), ఆ గుహలు ఏ రాజమందిరము కంటెను గొప్ప విడిదులాయెను. రాయి రెండు చోట్లను రాయియే. లోనికి చేర్చుకొనినవాడు ఉండుటయే భేదము.

కనుక మేము పరుపు సంగతి విడిచి, ద్వారము సంగతి విచారించితిమి.

మన దేశమున బాటసారులకు సత్రములు కట్టించుట పెద్ద పుణ్యకార్యముగా నెంచబడెను. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 లో చెన్నపట్టణము నుండి కాశీకి పోవుచు అహోబిలము, మహానంది, శ్రీశైలము మీదుగా మన సీమలోనే ప్రయాణము చేసి, దిగిన ఊళ్లను, దొరకిన వసతిని తన యాత్రా గ్రంథమున వ్రాసిపెట్టిరి. ఆ సత్రములు కట్టినవారి దాతృత్వమును మేము తక్కువ చేయము. కాని వాటిలో కులమును బట్టి పంక్తి, కులమును బట్టి గది. మన సంఘములలో ఎక్కువమంది తాతలకు గది మాట అటుంచి, సత్రపు అరుగు కూడ దొరకలేదు. ఆ దినములలో సంఘ కూటములకు కాలినడకను పోయినవారు మిషను ఆవరణములో చింతచెట్ల క్రిందను, బడి వరండాలలోను పండుకొనెడివారని మేము పెద్దల నోట వింటిమి. చెట్టు క్రిందనైనను వారిని పొమ్మనువారు లేరు గనుక ఆ నిద్ర వారికి తియ్యగా నుండెనట.

డాక్టరు అంబేద్కరు గారి జీవితములోని ఒక సంగతి ఇచ్చట చెప్పక తీరదు. ఆయన దానిని స్వయముగా వ్రాసిపెట్టిరి. అమెరికాలోను లండనులోను చదివి వచ్చిన పిమ్మట, 1917 లో ఆయన ఉద్యోగ నిమిత్తము బరోడా పోయిరి. అంతటి విద్యావంతునికి ఆ పట్టణములో దిగుటకు చోటు లేదు. హిందువుల హోటళ్లలో అస్పృశ్యుని చేర్చుకొనరు. తుదకు పారసీకుల సత్రమొకటి కనుగొని, పుస్తకములో పారసీ పేరు ఒకటి వ్రాయించి, దినమునకు రూపాయిన్నర యిచ్చి, పాత సామాను నిండిన చీకటి మేడపై ఒంటరిగా ఉండిరి. పదునొకండవ దినమున కఱ్ఱలు పట్టుకొని డజను మంది వచ్చి, నీవెవడవని అడిగి, సాయంకాలము లోపల వెడలిపొమ్మనిరి.

ఆ గడియలో ఆయన ఇద్దరు స్నేహితులను ఆశ్రయించిరి. ఒకరు హిందువు. నిన్ను చేర్చుకొనినయెడల మా పనివారు వెడలిపోవుదురని ఆయన ఉన్నది ఉన్నట్లు చెప్పెను. రెండవవాడు క్రైస్తవుడు. ఆయన కాదనలేదు. నా భార్య రేపు వచ్చుచున్నది, ఆమెను అడుగవలెననెను. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబము నుండి వచ్చినవారనియు, భార్యకు పూర్వాచారములు పోలేదనియు, అది మర్యాదగా చెప్పిన నిరాకరణమనియు అంబేద్కరు గారికి తరువాత తెలిసినది. ఆయన ఒక తోటలో కూర్చుండి ప్రొద్దు పుచ్చి, రాత్రి బండికి బొంబాయి తిరిగిపోయిరి. ఏండ్లు గడచినను ఆ దినమును తలచుకొనగా కన్నీరు వచ్చునని ఆయన వ్రాసిరి.

ఆ క్రైస్తవుని గూర్చి మేము చాల దినములు ఆలోచించితిమి. ఆయన చెడ్డవాడు కాడు. ప్రార్థన చేయువాడే, వాక్యము చదువువాడే అయి యుండవచ్చును. మన యిండ్లలోను రేపు వచ్చువారు ఎవరో ఒకరు ఉందురు. భార్యను అడుగవలెను, కొడుకును అడుగవలెను, కమిటీని అడుగవలెను. మన సంఘములలోనే రెండు పేటలవారు ఒకే గుడిలో ప్రభువు బల్లలో పాలుపొంది, ఇంటికి పోయిన తరువాత ఒకరి యింట ఒకరు నిద్రింపని ఊళ్లు మాకు తెలియును. వాటి పేర్లు వ్రాయము. చదువువారికి తెలియును.

1950 జనవరి 26 వ తేదీన మన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. ఆ వ్రాత సిద్ధము చేసిన సంఘమునకు అధ్యక్షుడు ఆ సత్రము నుండి తరుమబడిన మనుష్యుడే. దాని 15 వ అధికరణములో అంగళ్లు, భోజనశాలలు, హోటళ్లు మొదలగు వాటిలోనికి ప్రవేశించుటకు కులమును బట్టి గాని, మతమును బట్టి గాని ఎవరికిని అడ్డు చెప్పరాదని యున్నది. ఇప్పుడు మన సంఘస్థుని చూడుడి. ఆయన ఆ పెద్ద హోటలు మెట్లెక్కి, బల్ల వద్ద నిలిచి, పుస్తకములో తన పేరు తానే వ్రాసెను. తన తండ్రి పేరు వ్రాసెను. ఊరి పేరు వ్రాసెను. వారు నమస్కారము చేసి తాళపుచెవి ఇచ్చిరి. ఆ సంతకమును మేము సామాన్యముగా నెంచము. రేకుల లెక్క వేయువారు దానినికూడ లెక్కలో చేర్చవలెను.

అయితే పైకపు ద్వారమునకు పైకమే తాళము. కులము అడుగదు గాని, చేతిలో ఏమియు లేనివానిని అడుగక యే పంపివేయును. బేత్లెహేము సత్రములో స్థలము లేకపోయెనని లూకా ఒక్క వాక్యముతో ముగించెను (లూకా 2:7). మన క్రిస్మస్సు నాటకములలో కసరుకొను సత్రపు యజమాని వేషమును పిల్లలు ఎంతో ఉత్సాహముతో వేయుదురు గాని, లూకా వ్రాతలో అట్టి మనుష్యుడు కనబడడు. ఎవరును కసరక పోయినను, ఎవరి తప్పును కాకపోయినను, స్థలము లేకపోవచ్చును. ఇది కోపగించుకొను యజమాని కంటె కఠినమైన సంగతి.

సత్రపు యజమాని కనబడునది లూకా పదవ అధ్యాయములో. గాయపడినవానిని సమరయుడు తన పశువుపై ఎక్కించి పూటకూళ్ల యింటికి తీసికొనిపోయి, ఆ రాత్రి తానే పరామర్శించి, మరునాడు రెండు దేనారములు తీసి ఆ యింటివాని చేతికిచ్చెను. ఒక దేనారము ఒక దినపు కూలి యని ద్రాక్షతోట కథవలన మనకు తెలియును. ఆ యింటివాడు పైకము పుచ్చుకొనెను. ప్రభువు అతనిని నిందింపలేదు. బస అమ్ముట అతని వృత్తి. ఆ వృత్తి లేనియెడల, ఇల్లు దూరమున్న సమరయుడు ఆ మనుష్యుని ఎక్కడ ఉంచును? కొన్న బసయు ఇచ్చిన బసయు ఆ కథలో ఒకే కప్పు క్రింద నున్నవి. రెండు దేనారములతో మంచము, నూనె, అన్నము దొరకినవి. మొదటి రాత్రి మేలుకొని యుండుట మాత్రము ఆ దేనారములలో లేదు.

కొన్నవారికి కూడ అంతకు మించినది దొరకిన సందర్భములు కలవు. బొంబాయిలో సముద్రపు ఒడ్డున 1903 లో తెరువబడిన తాజ్ మహల్ హోటలును గూర్చి వినియుందురు. 2008 నవంబరు 26 వ తేదీ రాత్రి ముష్కరులు తుపాకులతో అందులో జొరబడిరి. మూడు దినములు ఆ భీభత్సము సాగెను. పనివారికి వెనుక దారులన్నియు తెలియును. పారిపోవుట వారికి తేలిక. అయినను వారిలో అనేకులు అతిథులను గదులలో దాచి, వంటశాల మార్గమున బయటికి పంపుచు నిలిచిపోయిరి. పలువురు ప్రాణములు కోల్పోయిరి. మేనేజరు కరంబీర్ కాంగ్ గారి భార్యయు ఇద్దరు కుమారులును ఆ మంటలలో చనిపోయిరి. ఆయన అతిథులను తప్పించు పనిని విడువలేదు. వారిలో క్రైస్తవులు ఎందరో, కానివారు ఎందరో మేము విచారింపలేదు. జీతము పుచ్చుకొని దుప్పట్లు పరచువారు, పళ్లెములు అందించువారు, స్నేహితుని కొరకు ప్రాణము పెట్టుటను గూర్చి ప్రభువు చెప్పిన మాటకు దగ్గరగా వచ్చిరి. వారి స్నేహితులు మాత్రము ఒక్క పూట ముఖపరిచయము గలవారు. సేవ కొనబడినంత మాత్రమున అది వట్టి సరకు కాదని, ఈ సంగతి తెలిసిన తరువాత మేము ప్రసంగములలో జాగ్రత్తగా మాట్లాడుచున్నాము.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వత్తము. దుప్పట్లు మార్చు పిల్లవాడు వచ్చినప్పుడు నీవు ఏమి చేసితివని మేము అడిగితిమి. సిగ్గుపడి కొంతసేపు నిలుచుండి, తరువాత దుప్పటి రెండవ కొస తాను పట్టుకొని, ఇద్దరును కలిసి పరచిరట. ఏ ఊరని అడిగెనట. ఆ పిల్లవాడు ఒరిస్సా వైపు నుండి వచ్చినవాడు. తల్లి ఒంటరిగా నున్నదని చెప్పెనట. వాని పేరు ఈయనకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ పేరు పలుకుచున్నాడు.

నీవు పరుపుపై పండుకొనినను తప్పు లేదు, క్రింద పండుకొనినను తప్పు లేదు అని మేము ఆయనతో చెప్పితిమి. లేమిలో ఉండుటయు, సమృద్ధిలో ఉండుటయు తాను నేర్చుకొంటినని పౌలు వ్రాసెను గదా (ఫిలిప్పీ 4:12). లేమి మన ప్రజలకు పుట్టుకతో వచ్చిన పాఠము. రెండవ పాఠము ఒక్క రాత్రిలో రాదు. ప్రేమతో కొడుకు పెట్టినదానిని తీసికొనుటకును వినయము కావలెను. ఊదారంగు బట్టల ధనవంతుని కథలో లాజరు వాకిట పడియుండగా వాడు దాటిపోవుచుండెను (లూకా 16:19–21). నీవు దుప్పటి కొస పట్టుకొంటివి. కొడుకునకు మాత్రము ఒక మాట చెప్పుమంటిమి. ఒక్కసారి తలిదండ్రులకు చూపుట వేరు, అప్పు చేసి ఏటేట చూపుట వేరు. అదియు అతడు వినినాడు. (ఆ గది నేల ఏ రాయి యని కూడ మేము అడిగితిమి. మన వైపు గనుల బండలు దేశమంతట నేలలుగా పరచియున్నవి గదా. తివాసీ దళసరిగా నుండుటవలన కనబడలేదట.)

ఇంతతో ఆయన సంగతి తీరినది. మా సంగతి తీరలేదు. పూర్వము సువార్తికుడు గాని, బైబిలు స్త్రీ గాని ఊరికి వచ్చినప్పుడు ఎవరి యింట దిగవలెనను పోటీ యుండెడిది. ఉన్న ఒక్క మంచము వారికిచ్చి, ఇంటివారు చాపపై పండుకొనెడివారు. ఇప్పుడు సభలకు ప్రసంగీకులు వచ్చినయెడల నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో లాడ్జిలో గది మాటలాడుచున్నాము. వారికి అది సుఖము, మనకు అది సులభము. అందులో దోషము లేదు. బెలుం గుహల యొద్దను పర్యాటక సంస్థవారి విడిది గృహము కలదు. పైకము గలవారికి అది చాలును. కాని బస ఇచ్చు అలవాటు పోయిన ఇండ్లలో, పైకము లేనివాడు వచ్చిననాడు తలుపు తీయుట ఎవరికిని చేత కాదు. కడపటి బస్సు తప్పిపోయినవారు, గనులకు, సిమెంటు కర్మాగారములకు పని వెదకుకొనుచు ఉత్తర దేశము నుండి వచ్చిన పిల్లలు, ఆసుపత్రి గేటు వద్ద గోతము పరచుకొని పండుకొను రోగుల బంధువులు మన కన్నుల యెదుటనే యున్నారు. తన కుమారుడు దుప్పట్లు పరచుటకు నగరము పోయెనని చెప్పుకొను ఊరిలో, మరియొక తల్లి కుమారుడు బస్సు షెల్టరులో దోమల మధ్య పండుకొనుచున్నాడు.

షూనేములోని ఘనురాలు ఎలీషాను చూచి భర్తతో ఆలోచన చేసినది. ఆమెయు ఇంటివారిని అడిగినదని గమనింపుడి. అడిగినది గాని వాయిదా వేయలేదు. గోడమీద చిన్న గది, అందులో మంచము, బల్ల, పీట, దీపము. ఈ నాలుగు వస్తువులకు నేటికిని పెద్ద ఖర్చు కాదు.

పోయిన నెల పెద్దల కూటములో ప్రార్థనశాల రేకుల పని మాటకు వచ్చినప్పుడు, ప్రక్కగోడకు ఆనించి పదడుగుల గది ఒకటి వేయుదమని తీర్మానమాయెను. నాపబండలు గని పనివారు ఇచ్చెదమనిరి. అంత సులభముగా ముగిసినదని అనుకొనకుడి. ఎవరు పడితే వారు వచ్చినయెడల ఏమి చేయుదుమని ఒక పెద్ద అడిగెను. దొంగ అయితేనో? త్రాగినవాడయితేనో? ఇది వట్టి భయము కాదు. స్త్రీలు ఒంటరిగా వచ్చినయెడల ఎవరింట ఉంచవలెనను ప్రశ్నయు వచ్చినది. సమరయుడు గాయపడినవాని పేరు అడుగలేదని మేమంటిమి. వాడు లేచి పరుగెత్తు స్థితిలో లేడు గదా అయ్యగారూ అని ఆ పెద్ద జవాబిచ్చెను. అందరును నవ్విరి, మేమును నవ్వితిమి. అయినను ఆయన మాటలో సత్యమున్నది గనుక, వచ్చినవారి పేరు, ఊరు ఒక పుస్తకములో వ్రాయించుట మంచిదని ఒప్పుకొంటిమి. కులము అడుగు గడి ఆ పుస్తకములో ఉండరాదని స్త్రీల సమాజమువారు పట్టుబట్టి తీర్మానములో చేర్పించిరి.

దుప్పట్లు ఎవరు ఉతుకవలెనన్నది వారములవారీగా పంచుకొనిరి. తాళపుచెవి ఏ పేటవారి యింట ఉండవలెనన్నది మాత్రము ఆ రాత్రి తేలలేదు. పదిగంటలు దాటినందున ప్రార్థన చేసి లేచితిమి. వచ్చే నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత ఆ ఒక్క విషయము కొరకే మరల కూడుకొనుచున్నాము. రెండు పేటలవారును తప్పక రావలెనని కోరుచున్నాము.